రెప్పపాటు కాపీ

అన్యాయం జరిగింది మా అక్కకి. జరిగింది పోయిన ఆదివారం, పట్టపగలు, భోజనాలయ్యాక. చేసింది ఆమె మొగుడు, అంటే మా బావ.

అక్క దర్జీ. మూడేళ్ల కిందట ఆపరేషన్ చేసి గొంతులో స్వరపేటిక తీసేశారు. తీసేయక తప్పదని డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి, ఇరవై రోజులు కుట్టుమిషన్‌కి గుడ్డ కప్పి, కంప్యూటరు ముందు కూర్చుని, అప్పటికి ఆరేళ్ల కూతురి కోసం తన గొంతు దాచిపెట్టింది. కథలు, ఎక్కాలు, తిట్లు, రేపు దానికో బిడ్డ పుడితే వినిపించాల్సిన జోలపాట. అదంతా ఒకే ఒక్క పాత డిస్కులో ఉంది. ఆ గొంతు ముందుగదిలో టీవీలోంచి గట్టిగా వినాలని ఆమె కోరిక. ఇప్పుడు పలక మీద రాసి మాట్లాడుతుంది. బావకి పలకతో పనిలేదు, ఆయన నోటికి మూతే లేదు.

టీవీకి తగిలించే కంప్యూటరు తానే కట్టేశానని, సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని మొదలెట్టాడు. వింటున్నది ఎదురింటి బస్సు డ్రైవరు, అక్క, నేను.

"ఆ కంప్యూటర్ల కొట్టువాడు నాతో ఏమన్నాడో తెలుసా? 'రెడీమేడ్ పెట్టె ఉంది, పట్టుకెళ్లండి సార్, సొంతంగా కట్టడం మీవల్ల కాదు' అన్నాడు. నావల్ల కాదట! వాడు పాలు తాగే రోజుల్లో నేను రేడియో విప్పి మళ్లీ బిగించినవాణ్ణి!"

"బిగించాక మోగిందా బావా?"

"మోగడం వేరే సంగతి మరదలా, బిగించానా లేదా? సరే, మదర్‌బోర్డు తెచ్చా, ర్యామ్ తెచ్చా, ఫ్యాను తెచ్చా. ఎలా బిగించాలో ఓ పుస్తకం కూడా ఇచ్చాడు. టేబులు ఊగుతోందని దాన్ని కాలు కింద పెట్టా. అంతా అయ్యాక నాలుగు స్క్రూలు మిగిలాయి. మిగలవా మరి? పనితనం లేని కంపెనీవాళ్లు భయానికి నాలుగు ఎక్కువే పెడతారు."

"బస్సుకి నాలుగు మిగిలితే మా ఉద్యోగం ఊడుతుందన్నా," అన్నాడు డ్రైవరు.

"నీది బస్సు, నాది బుర్ర! విను. స్విచ్చేశా. ఫ్యాను తిరిగిందయ్యా, పెట్టె టేబులు మీంచి జానెడు పైకి లేచి గాల్లో నిలబడింది. వైరు పట్టుకుని గాలిపటంలా కిందికి లాగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీవీకి తగిలించా. సినిమాలో వానపడే సీను. ఆ చప్పుడికి వీధి మొత్తం దండేల మీద బట్టలు తీసేసుకుంది!"

"మా ఆవిడ తీయలేదే?"

"మీ ఆవిడ ఉతికితే కదా! ఇక బొమ్మంటావా, హీరో చెమట తుడుచుకుంటే మన గోడకి చెమ్మ పట్టింది. నాలిక్కి రాసుకుని చూశా, ఉప్పగా ఉంది. ఇంతలో ఫోను. ఎవరు? ఆ చిప్పు తయారుచేసిన కంపెనీ పెద్దింజనీరు. 'అయ్యా, మా చిప్పు మీ చేతిలో పదింతలు పరిగెడుతోంది, ఇక్కడ మా ఫ్యాక్టరీలో లైట్లు ఊగుతున్నాయి, కాస్త నెమ్మది' అని ఒకటే ఏడుపు. నాకు ఒళ్లు మండింది. 'ఇన్నాళ్లూ జనానికి నత్తల్ని అమ్మార్రా' అని దులిపేశా!"

"ఏ భాషలో దులిపావు?"

"కోపానికి భాషేంటి మరదలా!"

ఈలోగా అక్క రెండుసార్లు పలక ఎత్తింది. 'నా ఫైళ్లు?' అని ఉంది దాని మీద. రెండుసార్లూ ఆయన ఈగని తోలినట్టు చేత్తో పక్కకి నెట్టాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"నీ పెళ్లాం అడుగుతోంది బావా. చదువు."

"అక్కడికే వస్తున్నా, అసలు గొప్ప అదే! మీ అక్క రికార్డింగులు, నాలుగువేల గంటలు..." అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన చూస్తేగా! "మామూలువాళ్లకి కాపీ చెయ్యడానికి పూటంతా పడుతుంది. నాకెంత పట్టిందో తెలుసా? రెప్పపాటు! పాత కంప్యూటరు తెర మీద ఆ రికార్డింగుల బొమ్మలన్నీ బారులు తీరి ఉన్నాయి. అన్నిటినీ ఒక్క పట్టు పట్టి కొత్తదాంట్లో వదిలా. రెప్ప పూర్తిగా వాలనేలేదు, సగంలోనే అయిపోయింది! బస్తాడు గొంతుని చిటికెడు చేశా. ఒక్కో ఫైలు ఒక్కటంటే ఒక్క కిలోబైటు!"

డ్రైవరు చప్పట్లు కొట్టాడు. పాపం, అతనికేం తెలుసు.

ఆ చప్పట్లు ఆగేదాకా అక్క ఆగింది. పలక తుడిచి, నిదానంగా రాసి, ఈసారి ఆయన ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టింది.

'బొమ్మల మూలన చిన్న బాణం గుర్తు ఉందా?'

"ఎందుకు లేదు? అన్నిటికీ ఉంది! బాణంలా దూసుకొచ్చాయని కంప్యూటరే వేసి ఇచ్చింది!"

పలక అక్క ఒళ్లో పడింది. కూతురు వెతుక్కోనక్కర్లేకుండా, నొక్కగానే పలకాలని, తెర మీద ఆ బొమ్మలు పెట్టింది ఆమే. అవి ఫైళ్లు కావు, ఫైలు ఎక్కడుందో చెప్పే చీటీలు. మా బావ ఇల్లు వదిలేసి, ఇంటికి దారి చూపే బోర్డు మోసుకొచ్చాడు.

"పాత డిస్కేది?" అన్నాను.

"అదా... కొత్తదాంట్లోనే బిగించా. ఎలాగూ కాపీ అయిపోయిందిగా. తుడిచేసి సినిమాలు ఎక్కించా."

"ఎన్ని?" అన్నాను. తుడిచిన చోట ఇంకేదీ ఎక్కకపోతే పాతవి తిరిగి రాబట్టొచ్చు.

"నిండా. సూది మోపే చోటు లేదు."

ఆ సాయంత్రం ఆయన నోట్లోంచి వచ్చిన వాటిలో కోత కానిది అదొక్కటే.

డ్రైవరు లేచి చెప్పులు వేసుకున్నాడు. "రెప్పపాటులో అయ్యేది కాపీ కాదన్నా, కొంప మునగడం," అని వెళ్లిపోయాడు.

బావ అక్క వైపు తిరిగాడు. "పోనీలేవే, దానికి మొహం అంతలా మాడ్చుకోవడమెందుకు? మళ్లీ రికార్డు చేసుకుందాం."

"ఏ గొంతుతో?" అన్నాను.

అక్క లోపలికి వెళ్లి కొలతల పుస్తకం తెచ్చింది. వెనక పేజీల్లో, ఆ ఇరవై రోజులూ చేసిన ఒక్కో రికార్డింగు పేరూ, పక్కన నిడివీ అప్పుడే రాసిపెట్టుకుంది. పెన్సిలుతో కూడింది. సరిచూసి మళ్లీ కూడింది. కింద గీత గీసి, ఒక ముక్క రాసి, పుస్తకం ఆయన ఒళ్లో పెట్టింది.

"గట్టిగా చదువు బావా, నీకు నోరుందిగా!" అన్నాను. ఆయన పుస్తకం మూయబోయాడు. లాక్కుని నేనే చదివాను.

'పోయినవి: రెండు వందల పన్నెండు. మొత్తం ముప్ఫై ఒక్క గంటల నలభై నిమిషాలు.'