లేని జంతువుకు పెట్టిన బోను

నా పేరు కొల్లాబత్తుల ఫెబి. భర్త పేరు మోజెస్. నా వయస్సు నలభై ఒక్క సంవత్సరాలు. వృత్తి నర్సు. కిల్డేర్ కౌంటీలో ఒక నర్సింగ్ హోములో పని చేస్తున్నాను. మాది బాపట్ల దగ్గర పల్లె. ఐర్లండుకు వచ్చి ఎనిమిదేళ్లయింది. ప్రస్తుతం మెయ్‌నూత్‌లో, కాలువ వైపున్న ఇళ్ల ఎస్టేటులో చివరి ఇంట్లో అద్దెకు ఉంటున్నాము.

డ్యూటీలో నేను ఇంగ్లిషులోనే మాట్లాడతాను, ఇంగ్లిషులోనే రిపోర్టులు రాస్తాను. అయినా ఈ వాంగ్మూలం తెలుగులో ఇస్తానని నేనే అడిగాను. ఇందులో నా సంగతి ఒక్కటే లేదు. అనుకున్న మాట దొరక్క దగ్గర్లో ఉన్న మాట వాడేస్తే నోరీన్ గారికి అన్యాయం జరుగుతుంది. ఈ స్టేషను పోలీసు అధికారి గార్డా షినేడ్ గారు ఒప్పుకొని అనువాదకురాలు అపర్ణ గారిని పిలిపించారు.

మా ఇంటికీ నోరీన్ బైర్న్ గారి ఇంటికీ మధ్య పొదల కంచె ఉంది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. భర్త క్రిస్టీ గారు మూడేళ్ల కిందట పోయారు. అప్పటి నుంచి ఒంటరిగా ఉంటున్నారు. మేము ఈ ఇంట్లో దిగిన వారంలోనే ఆవిడ కంచె మీదుగా రూబార్బ్ కాడలు ఇచ్చారు. వాటితో ఇక్కడి వాళ్లు తీపి చేసుకుంటారని నాకు అప్పుడు తెలియదు. కొరికి చూస్తే చుక్కకూరలా పుల్లగా ఉన్నాయి. పప్పులో వేసి వండి, ఒక గిన్నెడు ఆవిడకే పట్టుకెళ్లాను. ఆవిడ నిలబడే తిని, గ్రాండ్, అంటే బాగుంది, అన్నారు. ఇది కేసుకు అవసరం లేదని తెలుసు. పరిచయం ఎలా మొదలైందని అడిగారు కనుక చెబుతున్నాను.

ఆవిడ ఇంటి వెనకనున్న లాన్ క్రిస్టీ గారు పెంచినది. ఆదివారం చర్చిలో మాస్ ప్రార్థన నుంచి వచ్చి, కోటు తీయకుండానే గడ్డి కోసేవారట. ఆయన పోయాక ఎవరినో పిలిపించి కోయిస్తున్నారు కానీ, అంచులు మాత్రం ఆవిడే కత్తెరతో సరిచేసేవారు.

మే నెల రెండో వారంలో ఒక ఉదయం ఆవిడ కంచె దగ్గరికి వచ్చి నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే లాన్ సగం పాడైపోయి ఉంది. గడ్డి చాప చుట్టినట్టు చుట్టలు చుట్టుకుపోయి ఉంది. మధ్యమధ్య చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. మా ఊళ్లో వరి గట్లను పందికొక్కులు ఇలాగే తవ్విపోస్తాయి. నాకు అదే గుర్తొచ్చింది. నోరీన్ గారు మాత్రం ఇవి మోల్స్ అన్నారు. మోల్ అంటే నేల లోపల సొరంగాలు చేసుకుని బతికే చిన్న జంతువు. ఆవిడా క్రిస్టీ గారూ పెళ్లయిన కొత్తలో ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో చాలా ఏళ్లు ఉన్నారు. అక్కడి తోటలో మోల్స్ వస్తే క్రిస్టీ గారు ట్రాప్ పెట్టి పట్టేవారట. ఆ ట్రాప్ షెడ్డులోనే ఉందని చెప్పి, గుడ్డలో చుట్టినదాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు.

అది పట్టకారులా ఉంటుంది. రెండు ఇనుప దవడలు, మధ్యలో గట్టి స్ప్రింగు. తుప్పు పట్టి ఉంది.

ఇలాంటి పని తెలిసిన మనిషిని పిలిపిద్దామని నేను అన్నాను. ఆవిడ వద్దన్నారు. కారణం అప్పుడు చెప్పారు. ఆవిడ కొడుకు డెక్లాన్ గారు కార్క్‌లో ఉంటారు. తల్లి ఒంటరిగా ఉండడం ఆయనకు ఇష్టం లేదు. తన ఇంటికి దగ్గర్లో ఒక వృద్ధుల సంరక్షణాలయం చూసి, ఆవిడ పేరు రాయించి పెట్టారు. జూన్ సెలవు వారాంతానికి వచ్చి ఆ విషయం తేల్చుకుందామన్నారు. ఎస్టేటులో ఎవరిని పిలిచినా డెక్లాన్‌కు కబురు వెళుతుందని ఆవిడ భయం.

"వాడు ఈ గడ్డి చూశాడంటే, అమ్మ చేతకానిదైపోయిందని అనేస్తాడు. వాడు వచ్చేలోగా దీన్ని ఆపు ఫెబి. వాడికి చెప్పకు," అన్నారు.

చెప్పనని మాట ఇచ్చాను. నేను పని చేసే చోట అలా వచ్చి చేరిన వాళ్లు ఎంతోమంది ఉన్నారు. మేము వాళ్లను బాగానే చూసుకుంటాము. అయినా మొదటి నెల వాళ్లు కిటికీలోంచి చూసే చూపు నాకు తెలుసు.

ఇంగ్లండు వాళ్ల వీడియోలు చూసి ట్రాప్ పెట్టడం నేర్చుకున్నాను. కుట్టు మిషను నూనె వేసి తుప్పు వదిలించాను. అన్నిటికంటే లోతుగా ఉన్న గుంటలో దాన్ని పెట్టి, పైన మట్టితో సహా లేచిన గడ్డి చెక్క కప్పి, పక్కన ఎర్ర రిబ్బను కట్టిన పుల్ల గుచ్చాను. ఆ పుల్ల దగ్గరికి రావద్దని నోరీన్ గారికి రెండుసార్లు చెప్పాను. రోజూ డ్యూటీకి వెళ్లే ముందు నేనే చూసేదాన్ని. ఏమీ పడలేదు. గడ్డి మాత్రం ఇంకా ఇంకా చెడిపోతూనే ఉంది.

సెలవుకు ముందు శుక్రవారం నాకు పగలు డ్యూటీ. ఆ మధ్యాహ్నం డెక్లాన్ గారు తల్లికి ఫోను చేసి, శనివారం కాకుండా ఆ సాయంత్రమే వస్తున్నానని చెప్పారట. ఆయన ట్రాప్ చూడకూడదని నోరీన్ గారు దాన్ని తీసేయడానికి వెళ్లారు. పుల్ల పీకేశారు. గడ్డి చెక్క ఎత్తి, లోపల చెయ్యి పెట్టారు. ఆ సమయానికి నేను అక్కడ లేను.

నాలుగున్నరకు ఇంటికి వచ్చాను. కారు తలుపు వేస్తుంటే కంచె అవతల ఎవరో మెల్లగా మాట్లాడుతున్నట్టు వినిపించింది. నోరీన్ గారు అరవడం లేదు. గడ్డిలో కూర్చుని జపమాల ప్రార్థన చెప్పుకుంటున్నారు. కుడి చేతి రెండు వేళ్లు ట్రాపులో ఉన్నాయి. స్ప్రింగు నొక్కాలంటే రెండు చేతులు కావాలి. ఆవిడకు ఒక్కటే మిగిలింది. అలా ఎంతసేపు కూర్చున్నారో నాకు చెప్పలేదు. గడ్డి మీద జపమాల లేదు. ఖాళీగా ఉన్న ఎడమ చేతి వేళ్ల మీదే లెక్క పెట్టుకుంటున్నారు.

నేను స్ప్రింగు నొక్కి వేళ్లు విడిపించాను. ఫ్రీజరులోంచి బఠానీల సంచి తెచ్చి, తువ్వాలు చుట్టి పెట్టాను. కారులో ఎక్కించుకుని ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. దారిలో ఆవిడ ఒకటే మాట అన్నారు. కారు తలుపులో పడ్డాయని చెప్పు, అన్నారు. మళ్లీ అన్నారు. ఆస్పత్రి గేటు దగ్గర కూడా అన్నారు.

లోపల నర్సు ఎలా జరిగిందని అడిగితే నేను నిజం చెప్పాను. మట్టిలో ఉన్న పాత ఇనుము అది. తోలు చీలింది. కారు తలుపు అంటే వాళ్లు ఎముక చూసి ఊరుకోవచ్చు. టెటనస్ ఇంజెక్షన్ పడాలి, గాయం లోపలి దాకా కడగాలి. అందుకే చెప్పాను. నోరీన్ గారు నా వైపు చూడలేదు. మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

ఒక వేలు విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. డెక్లాన్ గారు అక్కడికే వచ్చారు. తల్లి తోటలో ట్రాప్ పెట్టింది నేనేనని తెలుసుకున్నారు. గట్టిగా మాట్లాడలేదు. "మీరు నర్సు కదా. డెబ్బై దాటిన వాళ్ల చేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా," అన్నారు. మరునాడు ఆయన ఈ స్టేషనులో ఫిర్యాదు చేశారు. ఒంటరిగా ఉన్న వృద్ధురాలితో చనువు పెంచుకుని, ఆమె ఇంట్లో ప్రమాదకరమైన వస్తువు పెట్టానని అందులో ఉంది. నర్సింగ్ బోర్డుకు కూడా రాస్తానని నాతో అన్నారు.

ఇంట్లో మోజెస్ చాలా భయపడ్డాడు. మా పౌరసత్వం దరఖాస్తు ఇంకా తేలలేదు. "కారు తలుపని ఆవిడే చెప్పమంది కదే. నీకేం పోయింది? ఇన్నేళ్ల కష్టం," అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే లేచి నాకు టీ పెట్టి ఇచ్చాడు.

ఆ తరువాత మూడు నాలుగు రోజులు నోరీన్ గారు నాతో మాట్లాడలేదు. వంటింటి కిటికీకి తెర వేసి ఉండేది. నాకు కేసు కన్నా అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

మంగళవారం ఉదయం గార్డా షినేడ్ గారు లాన్ చూడడానికి వచ్చారు. నన్నూ పిలిచారు. డెక్లాన్ గారు అక్కడే ఉన్నారు. ట్రాప్ దేనికి పెట్టారని గార్డా గారు అడిగారు. మోల్స్ కోసమని చెప్పాను. ఆవిడ కాసేపు నన్నే చూశారు.

"ఐర్లండులో మోల్స్ లేవు," అన్నారు.

అబద్ధం చెబుతున్నానని అంటున్నారేమో అనుకున్నాను. వీడియోలు చూశాను, ఇలాంటి ట్రాపే చూపించారు అని ఏదేదో చెప్పాను. అవి ఇంగ్లండు వీడియోలని, ఈ దేశంలో ఆ జంతువు ఎన్నడూ లేదని ఆవిడ నిదానంగా చెప్పారు. డెక్లాన్ గారికీ ఆ సంగతి తెలియదు. ఆయన ముఖం చూస్తే తెలిసింది.

గార్డా గారు ఫోను చేస్తే మధ్యాహ్నం వన్యప్రాణుల రేంజర్ వచ్చారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక గడ్డి చుట్టను విప్పి, కింద మట్టిలో ఉన్న బూడిదరంగు పురుగులను చూపించారు. కంచె తీగకు చిక్కుకున్న ముతక వెంట్రుకలను వేళ్ల మధ్య తిప్పి చూసి, ఇది బాడ్జర్ పని అన్నారు. బాడ్జర్ మన వైపు కనిపించదు. చిన్న పంది పిల్లంత ఉంటుంది, తెల్లటి ముఖం మీద రెండు నల్ల చారలు ఉంటాయి. గడ్డి వేళ్లు తినే ఆ పురుగుల కోసం అది లాన్ చుట్టేస్తుందట. దాన్ని పట్టడం, గాయపరచడం ఇక్కడి చట్టానికి విరుద్ధమని చెప్పారు. నా ట్రాపులో దాని ముట్టె పడి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పారు. ఆ చట్టం నాకు తెలియదు. తెలుసుకోకుండా పెట్టాను. ఆ తప్పు నాదే, ఇందులో రాయమని కోరుతున్నాను.

వేసవి ముదిరితే ఆ పురుగులు రెక్కలొచ్చి ఎగిరిపోతాయని, బాడ్జర్ కూడా రావడం మానేస్తుందని రేంజర్ అన్నారు. గడ్డి చెక్కలను తిరిగి పరిచి, తొక్కి, నీళ్లు పెడితే అతుక్కుంటాయన్నారు. ఇలా ఎందరి తోటల్లోనో జరుగుతుందని, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆగదని డెక్లాన్ గారికి చెప్పారు.

అప్పుడు నోరీన్ గారు వెనక తలుపు తీసుకుని వచ్చారు. చేతికి కట్టు ఉంది. గార్డా గారి ముందు నిలబడి మాట్లాడారు.

"ట్రాప్ నాది. పెట్టమన్నది నేను. పుల్ల పీకేసింది నేను. ఈ అమ్మాయి రెండుసార్లు వద్దని చెప్పింది. రాసుకోండి," అన్నారు.

డెక్లాన్ గారు, "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగారు.

"చెబితే నన్ను ఇక్కడ ఉండనివ్వవని."

రేంజర్ విప్పిన గడ్డి చెక్క పక్కనే పడి ఉంది. డెక్లాన్ గారు వంగి దాన్ని ఎత్తి, ఖాళీగా ఉన్న చోట పెట్టి, బూటుతో అదిమారు. తరువాత ఇంకొకటి ఎత్తారు. మీ నాన్నగారు చూసి ఉంటే ఒక్కటీ సరిగ్గా పెట్టలేదనేవారని నోరీన్ గారు అన్నారు. డెక్లాన్ గారు నవ్వారు కానీ కళ్లు తుడుచుకున్నారు.

ఆ సాయంత్రం మోజెస్ కూడా పార పట్టుకుని వెళ్లాడు. నేను పిలవలేదు. ఇద్దరూ వెలుతురు ఉన్నంతసేపూ పని చేశారు. నేను నీళ్లు పెట్టాను. నోరీన్ గారు కుర్చీ వేసుకుని కూర్చుని, అంచులు ఎలా కలపాలో చెబుతూ ఉన్నారు. మధ్యలో నన్ను పిలిచి, టెటనస్ సూది నొప్పి పుట్టించిందని ఫిర్యాదు చేశారు. అన్ని రోజుల తరువాత నాతో అన్న మొదటి మాట అదే. పుట్టిస్తుందండీ, అన్నాను.

డెక్లాన్ గారు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని నాకు చెప్పారు. బోర్డుకు రాయనన్నారు. నా చేయి పట్టుకుని క్షమించమన్నారు. తల్లికి దెబ్బ తగిలితే కొడుకు అడగడం తప్పు కాదని నేను అన్నాను. కార్క్‌లోని సంరక్షణాలయం వాళ్లకు ఫోను చేసి పేరు తీయించేశారని నోరీన్ గారే చెప్పారు. ఇకపై నెలకు రెండుసార్లు వస్తారట. వచ్చినప్పుడు గడ్డి ఆయనే కోస్తారట.

ఫిర్యాదు నమోదైంది కనుక నా మాట కూడా రికార్డులో ఉండాలని గార్డా గారు చెప్పారు. అందుకే ఈ రోజు వచ్చాను. నోరీన్ గారు బయట కారులో ఉన్నారు. వద్దన్నా వచ్చారు.

మళ్లీ ట్రాప్ పెడతారా అని గార్డా గారు అడిగారు. పెట్టను. బాడ్జర్ ఇంకా వస్తోందా అని అడిగారు. వస్తోంది. కంచె మూల కొంత చోటు దానికే వదిలేశాము. మిగతా లాన్ ఎలా ఉందని అడిగారు. అతుకులు ఇంకా కనబడుతున్నాయి. నిన్న డ్యూటీ నుంచి వచ్చాక ఒక చెక్క అంచు పట్టుకుని మెల్లగా లాగి చూశాను. రాలేదు. వేళ్లు దిగాయి.

పైన రాసినదంతా అపర్ణ గారు నాకు తెలుగులో చదివి వినిపించారు. "గాయపడిన వృద్ధురాలు" అని ఉన్న చోట్ల "నోరీన్ గారు" అని దిద్దించాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. ఇది నిజం. ఎవరి బలవంతమూ లేదు. ఇందులో తెలిసి అబద్ధం చెప్పి ఉంటే శిక్షకు పాత్రురాలినని తెలిసే సంతకం చేస్తున్నాను.

(సంతకం) కొల్లాబత్తుల ఫెబి

నా ఎదుట సంతకం చేశారు: గార్డా షినేడ్, మెయ్‌నూత్ స్టేషను