మంచం మీద మిల్లింగ్ మిషన్

వైశాలిలో రెండో అంతస్తు ఫ్లాటు, రెండువేల తొమ్మిది ఎండాకాలం. బైక్ మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్న త్యాగరాజు మంచం మీద, ఒళ్ళో ల్యాప్‌టాప్. సాహిబాబాద్ కంపెనీలో, ఇనుమును చెక్కే మిల్లింగ్ మిషన్ల మీద, అతని చేతికింద పని నేర్చుకున్న జశ్వంత్ ఎదురు కుర్చీలో, ఎప్పుడు లేచిపోదామా అన్నట్టు.

"కొత్త డ్రాయింగ్ తర్వాత చూద్దాం. పోయిన వారం ప్లేటు సంగతి చెప్పు ముందు."

"చెప్పిన కదన్నా. మంచిగొచ్చింది."

"మంచిగా రావడానికి అదేమన్నా పులిహోరా? కొలతలెలా వచ్చాయి?"

"కరెక్టు కొలతలే. ఒక్క రంధ్రం గూడ జరగలే."

"నువ్వే నడిపావా?"

"నేనే నడిపిన."

"మొత్తం? మధ్యలో ఎక్కడా ఆపకుండా?"

"ఎందుకాపుత? నువ్వు రాసిన ప్రోగ్రామాయె. స్టార్ట్ నొక్కి చాయ్ తాగొచ్చిన."

"చాయ్ తాగొచ్చావు."

"ఆఁ. వచ్చేసరికి ప్లేటు రెడీ."

"ఇన్‌స్పెక్షన్‌లో శర్మాజీ ఏమన్నాడు?"

"ఏమంటడు, బఢియా అన్నడు. త్యాగరాజ్ కా కామ్ హై, ఇగ చూసేదేముంది అన్నడు."

"జన్మలో ఎవర్నీ మెచ్చుకోని మనిషి."

"మెచ్చుకున్నడన్నా, నిజంగ. అది సరే గని, నేను పెట్టిచ్చిన వర్చువల్ మిషన్ మంచిగ నడుస్తుందా? ఏదో మెసేజ్ వస్తుందంటివి."

"వస్తూనే ఉంది. టైమ్ తప్పుతోందని ఒకటే గోల."

"దాన్ని పట్టించుకోకు. సాఫ్ట్‌వేర్ అసలుదే, మిల్లింగ్ మిషన్లను నడిపేదే. గని నీ ల్యాప్‌టాప్ లోపల ఉన్నది ఉత్తుత్తి కంప్యూటర్, దానికి తగిలించింది ఉత్తుత్తి మిషన్. జర తడబడతది. ఇనుమును కోసే టూల్ పోయే గీత తెర మీద కరెక్టుగ వస్తుందా లేదా, గదే చూడు."

"గీతకేంరా, బ్రహ్మాండంగా వస్తుంది. ఎన్నాళ్ళని గీతలు చూడను? నా ప్రోగ్రాంతో చెక్కిన ముక్క ఒక్కటి పట్రమ్మన్నాను, ఏదీ?"

"తెస్తనన్నా."

"కిందటి నెలా తెస్తానన్నావు. పనికిరాదని పక్కన పడేసిందైనా సరే. చేత్తో పట్టుకుని చూస్తాను."

"గేటు కాడ సెక్యూరిటీ..."

"నేనున్నప్పుడు లేని సెక్యూరిటీ ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది? పోనీ ఫోన్‌లో ఫోటో తియ్యి."

"ఫోన్ లోపలికి తీస్కపోనిస్తలేరు."

"అది కూడానా? మరి నువ్వు అటెందుకు చూస్తున్నావు?"

"దూపయితుందన్నా. వదినను పిలువకు, నేనే పోయి నీళ్ళు తాగొస్త."

వంటింట్లో త్యాగరాజు భార్య సీతారత్నం, మాటలు అవతలికి వినబడకుండా కుళాయి తిప్పి ఉంచింది.

"నావల్ల గాదొదినా. పట్టి పట్టి అడుగుతుండు. పోయినసారి ఏం జెప్పిన్నో నాకే యాదికుంటలేదు."

"మెల్లిగా మాట్లాడు."

"ఆయన సీట్ల కొత్తోడొచ్చి శాన రోజులాయె. అన్న రాసినయి ఒక్కటి గూడ మిషన్ ఎక్కలే. డ్రాయింగులు గూడ పాతవే, నేనే కొలతలు మార్చి తెస్తున్న. ఎన్నడన్న ఒకనాడు..."

"ఒకనాటి సంగతి ఆనాడు చూద్దాం. ఈ పని రాకముందు నువ్వు చూడలేదా? గోడవైపు తిరిగి పడుకునేవారు. అన్నం పెడితే పెట్టినట్టే చల్లారిపోయేది. ఇప్పుడు పొద్దున్నే అద్దం అడిగి గడ్డం గీసుకుంటున్నారు జశ్వంత్. శనివారం వస్తే చాలు, నువ్వింకా రాలేదేమని నా ప్రాణం తీస్తారు."

"తెలిస్తే?"

"తెలిస్తే మళ్ళీ గోడవైపు తిరుగుతారు. ఈసారి ఇటు తిప్పడం నావల్ల కాదు. తెలియనివ్వకు, నీకు దణ్ణం పెడతాను."

"గంత మాటెందుకొదినా."

"నీళ్ళు తాగు. అందుకే కదా వచ్చావు."

మళ్ళీ గదిలో.

"ఏమంటోంది మీ వదిన?"

"ఏమంటది, అన్నం తిని పొమ్మంటుంది."

"ఆ తలుపు దగ్గరికి వెయ్యి. కరెంటు పోయేలోగా నీకోటి చూపించాలి. ఇదిగో, పోయిన వారం ప్రోగ్రాం. నడుపుతున్నాను, చూడు. తప్పేమైనా ఉందా?"

"లేదన్నా. గీత సాఫ్‌గ పోతుంది."

"ఆ రోజు ప్లేటును దేంతో బిగించావు?"

"వైస్‌తోనే. రెండు దవడల నడుమ, ఎప్పుడు బిగించినట్టే."

"తెర మీద ఆ వైస్ కనబడుతోందా?"

"సిమ్యులేషన్ల వైస్ ఎందుకుంటదన్నా? టూలు, గీత. గంతే."

"ఆరో లైను చదువు. పైకి చదువు."

"టూల్ ఎడమకి పోయి... ఫుల్ స్పీడ్ మీద కిందికి... అన్నా."

"నిజం మిషన్ మీద సరిగ్గా అక్కడ ఏముంటుంది?"

"అన్నా, అది..."

"చెప్పరా."

"వైస్ దవడ ఉంటది."

"ఉక్కు దవడ. టూల్ పోయి దాన్ని గుద్దుకుని ముక్కలవ్వాలి. నువ్వు చాయ్ తాగొచ్చేసరికి ప్లేటు రెడీ అయిందన్నావు. శర్మాజీ బఢియా అన్నాడన్నావు."

"నువ్వు కావాలని రాసినవా?"

"కావాలనే రాశాను. మిషన్‌కి ఎక్కించే ముందు ఎవడైనా టూల్‌ని పైన గాల్లో ఆడించి చూస్తాడు, చూడగానే పట్టేస్తాడు. పట్టుకుని, ఇదేం ప్రోగ్రామయ్యా అని ఫోన్ చేసి నాలుగు తిడతారనుకున్నాను. వారమంతా ఫోన్ దిండు పక్కనే పెట్టుకున్నానురా. ఒక్కడూ తిట్టలేదు."

"మాఫ్ చెయ్యన్నా. నేను... వదిన..."

"ఎవరి ఆలోచనో నాకు తెలుసులే. ఏడవకు, అవతలికి వినబడుతుంది."

"ఇగ బంద్ చేద్దామన్నా. నీకు తెలిసిందని వదినకు నేనే చెప్త."

"చెప్పావంటే నా గడప తొక్కకు. అదివరకు నేనేం చేసుకుంటానోనని రాత్రంతా నా పక్కన మేలుకుని కూర్చునేది. ఈ ల్యాప్‌టాప్ ఒళ్ళోకి వచ్చాకే కాస్త కంటినిండా నిద్రపోతోంది. ఆ కొత్త డ్రాయింగ్ ఇలా తే, తను వచ్చేసరికి నేను పనిలో ఉండాలి."