ముడి ముక్క

హాల్లో బల్ల మీద, అట్టముక్కలు పేర్చి కూర్చే బొమ్మ దాదాపు పూర్తయింది. ఒకవైపు చక్రాల కుర్చీలో అత్తగారు, ఎదురుగా కోడలు. పోయిన భర్త మొదలుపెట్టిన ఆ ముక్కల బొమ్మ పూర్తిచేశాకే పుట్టింటికి వెళ్తానని కోడలు అందరితో అంది.

"దేవుడి బొమ్మన్నాడు వాడు. ఇందులో దేవుడెక్కడే?"

"క్రైస్తవులకి ఆ గొర్రెపిల్లే దేవుడట, అత్తయ్యా."

"కాళ్ళు కట్టేసి బల్ల మీద పడేస్తే కిక్కురుమనకుండా పడుంది. దేవుడేం దేవుడు."

"కట్టేసినట్టు ఎక్కడుంది? ఆ ముడి ముక్కే కదా లేనిది."

"సోఫా కింద చూశావా?"

"రోజూ చూస్తూనే ఉన్నాను."

"మీ అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడా?"

"చేశాడు. నా గదికి రంగులు వేయించాడట. వదినకి నెలలు నిండుతున్నాయి, చేతికింద మనిషి కావాలట."

"మరి వెళ్ళు. ఒక్క ముక్క లేకపోతే కొంపేం మునగదు."

"పూర్తిచేసి వస్తానన్నాను."

అత్తగారు కాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

"ఆ ముక్క నా కళ్ళజోడు పెట్టెలో ఉందే."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీరు దాచినప్పట్నుంచి."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేస్తారేమోనని."

పెట్టె మూత మీద అత్తగారి వేలు ఆగిపోయింది. కోడలు ఆ వేలినే చూస్తూ ఉంది.

"సోఫా కింద ఇంకోసారి చూడవే," అందావిడ చివరికి.

అక్కడ చీపురుపుల్ల కూడా లేదని కోడలికి తెలుసు. అయినా మోకాళ్ళ మీద వంగి, లోపలికంటా చెయ్యి పెట్టి తడమసాగింది.