వాలుగ దవడ, గవిరమ్మ బ్లాగు

గవిరమ్మ అని నూలు వడికే ముసలావిడ ఒకావిడ ఉండేదంట, పొద్దున్నే రాట్నం ముందు కూచోకపోతే ఆవిడకి గంజి కూడా గొంతు దిగేది కాదనుకో. మా శ్రీకాకుళం వైపే. తొమ్మిదో ఏట పట్టిన రాట్నం, అరవై దాటినా వదల్లేదు. మీలో వడికేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఒక ముక్క చెప్పి ముందుకెళ్తాను. సన్న నూలు తియ్యాలంటే ముందు పత్తిని దువ్వాలి. దేంతో దువ్వుతారంటే, దువ్వెనతో కాదమ్మా, చేప దవడతో. వాలుగ అని ఒక చేప ఉంటుంది, దాని దవడ ఎముక నిండా సూదిమొనల్లాంటి చిన్న చిన్న పళ్లుంటాయి. గింజ మీదున్న పత్తిని దాంతో దువ్వితే చెత్తంతా రాలిపోయి, పీచు పట్టులాగ వరసగా పడుకుంటుంది. ఏట్లో తిరిగే చేపకీ చేలో కాసే పత్తికీ ఈ సంబంధం కుదిర్చిన మహాతల్లి ఎవరో గానీ, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సరే, ఆ గవిరమ్మ అరవై రెండో ఏట అక్షరాలు నేర్చుకుందంట. కోడలు ఢిల్లీశ్వరి పలక కొనిచ్చి మరీ నేర్పింది. నాకూ ఆ వయసులోనే వచ్చాయి కదా, అందుకని ఆవిడ సంగతి నాకు తెలుసు. కొత్తగా చదువొచ్చినవాళ్లకి అగ్గిపెట్టె మీద రాత కూడా వదలబుద్ధి కాదు. ఇక ఫోన్లో చదవడం వచ్చాక చూడండి, లోకంలో ఉన్న వింతలన్నీ ఆవిడకే కనిపించేవంట. కనిపించింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేదు. కోడలు పొయ్యి దగ్గర ఉంటే పొయ్యి దగ్గరకి, దొడ్లో ఉంటే దొడ్లోకి వెంటపడి చెప్పేదంట. ఢిల్లీశ్వరి విని విని, "అత్తా, నా ఒక్కదాని ప్రాణం తీసే బదులు లోకానికంతటికీ చెప్పుకో" అని ఒక బ్లాగు తెరిచి ఇచ్చిందంట. బ్లాగంటే ఏటే అని అడిగిందంట ఈవిడ. "మన వీధరుగు అనుకో అత్తా. నీకు నచ్చినవి తెచ్చి పెడతావు, దారినపోయేవాళ్లు చూసి పోతారు" అంది కోడలు.

అంతే, పెట్టడం మొదలెట్టింది. సముద్రంలో ఎనిమిది చేతుల జంతువు ఒకటుంది, దానికి మూడు గుండెలంట, ఒక్క గుండెతోనే నాకింత దడ, అది ఎలా నెగ్గుకొస్తోందో పాపం అని రాసింది. ఒక పిట్ట ఆకుల్ని కుట్టి గూడు చేసుకుంటుందంట, దానికి సూదెవరిచ్చారో అని రాసింది. ఒకరోజు అతుక్కుని కాసిన వంకాయలు, ఒకరోజు పత్తిబుట్టలో పడుకున్న పిల్లి, ఒకరోజు వడియాలు ఎండబెట్టగానే పట్టుకున్న మబ్బు. ఏది కనిపిస్తే దానికి ఫొటో. అయితే ఏమైందంటే, నాలుగోరోజు ఆ బ్లాగు అడుగున "నేటి సందర్శకులు: పదకొండు" అని కనబడిందంట. ఆవిడ లబోదిబోమంది. ఓలమ్మో, పదకొండుమంది మన గుమ్మందాకా వచ్చి వెళ్లారా, గుక్కెడు నీళ్లిచ్చిన పాపాన పోలేదే మనం! మర్నాటి నుంచి ఏం పెట్టినా ముందు ఇత్తడి గ్లాసుతో నీళ్ల ఫొటో పెట్టి, "ముందు మంచినీళ్లు పుచ్చుకోండి" అని రాసి, ఆ తరవాతే సంగతి చెప్పేదంట. పక్కింటి సూరీడమ్మ, ఆవిడా వడికేదే, వచ్చి నవ్వింది. "ఒదినా, ఫోన్లో నీళ్లకి దాహం తీరుద్దేటి?" అంది. "తీరదని నాకూ తెలుసు. అడిగినట్టుండాలి కదే" అంది గవిరమ్మ.

ఇలా రెండేళ్లు నడిచిందనుకో. ఒకరోజు పత్తి దువ్వుతుంటే దవడ పుటుక్కున రెండు ముక్కలైపోయింది. ఇదివరకైతే దవడలు తెచ్చే ముసలాయన ఉండేవాడు. ఆయన కాలం చేశాక ఆ పని ఎవరూ ఎత్తుకోలేదు. దవడ లేకపోతే దువ్వడం లేదు, దువ్వకపోతే సన్న నూలు లేదు, సన్న నూలు ఇవ్వకపోతే నూలు కొనే ఖాదీ సంఘంలో పేరుండదు. ఇంక అంతేనా, యాభై ఏళ్ల పైన తిప్పిన రాట్నం అటకెక్కించడమేనా అని కూలబడిపోయిందంట. సూరీడమ్మ తనది తెచ్చి చేతిలో పెట్టబోయింది. చూస్తే అదీ సగం అరిగిపోయి ఉంది. "వద్దులేవే, ఇద్దరం దువ్వితే నెల తిరక్కుండా నీ రాట్నమూ ఆగిపోద్ది" అని తిప్పి ఇచ్చేసి, తన రాట్నం మీద పాత పంచె కప్పేసింది. ఢిల్లీశ్వరేమో, "అత్తా, అంతమంది చూస్తున్నారు, నీ బ్లాగులో అడుగు, ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉండకపోదు" అంది. గవిరమ్మకి కోపం వచ్చేసింది. "మనింటికొచ్చినోళ్ల దగ్గర మనమే చెయ్యి చాపుతామేటే? నీళ్లిచ్చిన చేత్తో అడుక్కుంటామేటి?" అంది. అడగలేదు. విరిగిన ముక్కలు రెండూ పసుపుగుడ్డ మీద పెట్టి ఫొటో తీసి, "ఇది వాలుగ దవడ. దీంతో పత్తి దువ్వుతాము. నాకు చాలా చేసింది, ఇవాళ విరిగింది. దీనికి దండం" అని మాత్రం రాసిందంట.

మర్నాడు దాని కింద ఎవరో రాశారు. "అమ్మమ్మగారూ, నా పేరు నూకరత్నమండి. గోదారి గట్టున చేపలు కోస్తానండి. బేరాల్లేనప్పుడు మీ బ్లాగు చూస్తానండి, మొదట్నుంచీ. ఏం రాయాలో తెలీక ఎప్పుడూ రాయలేదండి. ఆయ్, ఆ దవడల్ని నేను కాకులకి పడేస్తున్నానండి! మీ ఇల్లెక్కడో చెప్పండి, పంపిస్తాను." గవిరమ్మ ఆ ముక్క ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. అడక్కుండా ఇస్తానంది కాబట్టి పరవాలేదని ఊరూ పేరూ రాసింది. పదిరోజులకి పార్శిలొచ్చింది. ఎనిమిది దవడలు, ముత్యాల్లాగ తెల్లగా, నున్నగా మెరిసిపోతున్నాయి. చేత్తో తడిమి చూస్తే ఒక్క పన్ను లేదు! లోపల చీటీ ఉంది. "అమ్మమ్మగారూ, పెద్దవాళ్ల చేతులు, గుచ్చుకుంటాయని మొనలన్నీ రాయికేసి రుద్ది అరగదీశానండి." చేపలు కోసేవాళ్ల చేతి అలవాటు చూడండి మరి, గుచ్చుకునేది తీసేశాకే ఎవరి చేతికైనా ఇస్తారు. ఢిల్లీశ్వరి నవ్వాపుకోలేక, "అత్తా, ఇవీ నీలాగే బోసినోళ్లే" అంది. గవిరమ్మ నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఎవరో ముక్కూ మొహం తెలీని పిల్ల, తన చేతుల గురించి ఆలోచించి ఎనిమిది దవడలు అరగదీసింది! ఆ మనసుకి ఇవి పనికిరావని ఎలా చెప్పడం? చెప్పలేదు. వాటిని వరసగా పెట్టి ఫొటో తీసి, చల్లగా ఉండు తల్లీ అని రాసింది. రాట్నం మాత్రం పంచె కిందే ఉండిపోయింది.

పది రోజులు గడిచాయి. ఆవిడ మామూలుగానే వింతలు పెడుతోంది. ఒకరోజు పిల్లి వెల్లకిలా పడుకుంటే ఫొటో తీసి పెట్టింది. ఏమైందంటే, దాని కింద నూకరత్నం రాసింది. "అమ్మమ్మగారూ, పిల్లి బాగుందండి. వెనకాల రాట్నం మీద గుడ్డ ఎందుకు కప్పి ఉందండి? పోయిన వారం జామపండ్ల ఫొటోలో కూడా కప్పే ఉందండి." చూశారా, రోజూ చూసే కళ్లు ఎలా ఉంటాయో! గవిరమ్మ జవాబు రాయడానికి కూచుంది. దుమ్ము పడకుండా కప్పానని రాసింది, చెరిపేసింది. ఒంట్లో బాగోలేదని రాసింది, అదీ చెరిపేసింది. చీకటి పడేదాకా ఆలోచించి, ఆఖరికి నిజం రాసేసిందంట. "తల్లీ, ఆ పళ్లతోనే దువ్వుతాము. నీ మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదు. నాకు పళ్లున్న దవడలు కావాలి. పంపిస్తావా?" జన్మలో మొదటిసారి అడిగింది ఆవిడ. అడిగేసి, ఫోను బియ్యం డబ్బా వెనక దాచేసిందంట సిగ్గుతో. కోడలు వెతికి తీసి చదివింది, "అయ్యబాబోయ్ అమ్మమ్మగారూ, ఎంత పని చేశానండీ! ఇంకెప్పుడూ ఇలా దాచకండి, నామీదొట్టు" అని ఉంది.

రెండో పార్శిలుకి మాత్రం నున్నదనం లేదు, మెరుపు లేదు. ఉప్పు రాసి ఎండబెట్టిన పన్నెండు దవడలు, రంపంలాగ పళ్లు. పోస్టాయన దాన్ని సైకిలు హ్యాండిలుకి దూరంగా వేలాడదీసుకుని, మొహం పక్కకి తిప్పుకుని వస్తుంటే, వీధిలో పిల్లులన్నీ వెనకాల ఊరేగింపుగా వచ్చాయంట. "ఏం తెప్పించావమ్మా తల్లీ, ఈ పూట నాకు అన్నం సయించదు" అన్నాడు. గవిరమ్మ వాటిని కడిగి, ఆరబెట్టి, సూరీడమ్మకి రెండు, వీధిలో వడికేవాళ్లందరికీ ఒక్కోటి పంచింది. తరవాత పంచె తీసేసి కూచుంది. చెయ్యి ఆగిపోయి చాన్నాళ్లయింది కదా, మొదటి పోగు తెగిపోయింది. రెండోదీ తెగిపోయింది. మూడోది రాట్నం తిరుగుతున్నంతసేపూ వస్తూనే ఉందంట, సాలీడు పోగులాగ, ఇంకా ఇంకా.

ఆ నూలు చుట్టిన మొదటి చిలప సంఘానికి ఇవ్వలేదు, నూకరత్నానికి పంపింది. ఆ పిల్ల అందులోంచి ఒక పేట తీసి, కత్తిపీట దగ్గర కూచునే ముందు ముంజేతికి కట్టుకుందంట. పక్క కొట్టావిడ, "అంత తెల్లటి నూలే, చేపల నీచు పట్టేస్తుందే" అంటే, "ఆయ్, నీచులోంచే కదండీ వచ్చింది" అందంట.

అదీ గవిరమ్మ సంగతి. ఒకామె రెండేళ్లు రోజూ చూసి ఒక్క మాట రాయలేదు, ఒకామెకి కావలసింది నోటిదాకా వచ్చినా అడగలేదు, ఇద్దరూ మర్యాదే అనుకున్నారు. నేనూ ఇదివరకు అందరి బ్లాగులూ చూసి చప్పుడు చెయ్యకుండా వచ్చేసేదాన్నే. ఇప్పుడు అలా కాదు, బాగుంటే బాగుందని ఒక ముక్క రాసే కదులుతున్నాను. తప్పులు పోతే పోనీ, ఈ వయసులో నాకు గోడకుర్చీ వేయించే పంతులెవడున్నాడు?