తాత పంచె

ఆ నవ్వు ఆపు ముందు. మూడేండ్లుగా పటంలో కూసోని ఒకటే నవ్వు. దండ వాడిపోయినా నవ్వే, నీ మనవడికి సెవులు వినపడవంట అని సెప్పొచ్చినా నవ్వే! దేవరాజులన్న కూతురి పెండ్లిలో తీసిన ఫోటో కదా, నవ్వక ఏం సేస్తావు. ఆ పొద్దు కట్టిన పంచె అంచు కూడా సన్నంగా కనపడతా ఉండాది. ఆ పంచె గురించే మాట్లాడాల నీతో.

తలుపు గడేసి వచ్చినాలే. మోహను అంగడి కాడికి పోయినాడు. బిడ్డ తొట్లో నిద్దరపోతా ఉండాడు. పెరట్లో బండ మీద గుడ్డలు కొట్టే సప్పుడు ఇనపడతా ఉండాదా? నీ కోడలు. రూపశ్రీ అని, కాళహస్తి పిల్ల. నువ్వు పోయినాక సంవత్సరానికి సేసుకున్నాం. నువ్వు సూడనే లేదు.

ఆ పిల్లను రేపు పొద్దున బస్సుకు పుట్టింటికి పొమ్మన్నాడు మోహను. బిడ్డనెత్తుకోని పో, నేను పిలిసేదాకా రావద్దు అన్నాడు. ఎందుకా? ఆ పిల్ల రక్తం మంచిది కాదంట. బిడ్డకు ఆ గతి పట్టింది ఆ రక్తంవల్లేనంట.

ఉండు, ఉండు. మొదట్నుంచీ సెప్తా. నువ్వెప్పుడూ ఇంతే, సగం ఇని లేసిపోయే రకం. ఇప్పుడు యాడికి పోతావు, సెప్పు?

మోహనుకు బిడ్డ పుట్టి ఐదు నెలలయ్యింది. మొగబిడ్డ. నీ పేరే పెట్టినాం. నీ పేరు నా నోట్లో ఎట్ల వస్తాది? నాయనా అని పిలుస్తా. పిలుస్తా ఉండా ఐదు నెలలుగా. పలకడు. పసోడు కదా, ఇంకా తెలీదులే అనుకున్నా.

పుట్టింట్లో జరగాల కదా తొలికాన్పు. రూపశ్రీకి తల్లి లేదు. అందుకే మనింట్లోనే సేద్దామన్నా. తల్లిలేని పిల్లకు నేనే తల్లినైతా అని నలుగురిలో గొప్పగా సెప్పినా. కావాలంటే నీ సెల్లెలు అక్కమ్మను అడుగు, ఆమె ముందరే అన్నా.

నెలలు నిండకముందే ఆ పిల్ల ఫోనులో సూసి డైపర్ల ప్యాకెట్టు తెప్పించింది. ఇంత లావు! ఒకసారి కట్టి పారేసేవంట. సూస్తానే నాకు ఒళ్ళు మండింది. "ఏమ్మే, బిడ్డను ప్లాస్టిక్ సంచిలో మూటగడతావా? మందులేసి సేసింటారు దాన్ని. పసిబిడ్డ సర్మం ఏం కావాల? మోహనుకు నేను ఇవే కట్టి పెంచినానా?" అని అరిసినా.

"రాత్రుల్లో మాత్రమే అత్తా" అనింది, సన్నగా.

నా ఇంట్లో కుదరదన్నా. ప్యాకెట్టు తీసి అటక మీదికి ఇసిరినా. మల్లా నోరెత్తలేదు. నోరున్న పిల్లయ్యింటే ఎంత బాగుండు! నాతో కొట్లాడి, జుట్టు పట్టుకోనన్నా సరే, ఆ డైపర్లే కట్టింటే ఎంత బాగుండు!

అయినా నేను సెప్పింది తప్పా, నువ్వే సెప్పు? పుట్టిన బిడ్డకు కొత్తగుడ్డ కడతారా ఎవరన్నా? పెద్దోళ్ళు కట్టి కట్టి మెత్తబడిన పాతగుడ్డ సించి కట్టాల. మోహను పుట్టినప్పుడు మీ నాయన పంచె సించింది మీ అమ్మ. నీకు మీ తాతది సించినారంట. ఇంటిపెద్ద గుడ్డలో పడిన బిడ్డకు ఆయనంత ఆయుసు అని మీ అమ్మే కదా సెప్పింది నాకు. ఈ బిడ్డకు తాత లేడు. తాత పంచెలన్నా ఉండాయి కదా అనుకున్నా.

నీ పంచెలు ఆరు దాచిపెట్టినా ట్రంకుపెట్టిలో. నువ్వు పోయినాక ఉతికి మడతబెట్టి, పురుగు పట్టకుండా మడతకో కలరా ఉండ ఏసి మూతపెట్టినా. తెల్లగా గోళీల మాదిరి ఉంటాయే, అంగట్లో అమ్ముతారే, అవే. కరిగిపోతే మల్లా కొత్తవి ఏస్తా. తాళం నా మొలలోనే ఉంటాది. ఎవుర్నీ ముట్టనీను.

ఆ వాసన నీకు తెలీందా? పెండ్లికి పోవాలన్నా, గంగజాతరకు పోవాలన్నా ఆ పెట్టి తెరిసి మంచి పంచె తీసి కడతావు. ఇల్లంతా అదే వాసన. బస్సులో నీ పక్కన కూసుంటే అదే వాసన. నలభై ఏండ్లు సూసి సూసి, నాకు నీ వాసనంటే అదే అయిపోయింది. నువ్వు పోయినాక ఎన్నిమార్లు ఆ పెట్టి తెరిసి మొగం పెట్టుకున్నానో! ముసలిదానికి ఇదేం పిచ్చని నువ్వు నవ్వుతావని ఇన్నాళ్ళూ సెప్పలేదు.

అందుకే ఉతకలేదయ్యా.

ఉడుకునీళ్ళలో ఏసి ఉతికితే ఆ వాసన పోతాది కదా. మనవడు తాతను సూడకపోయినా, వాసనన్నా తెలియాల అనుకున్నా. ఉండలు తీసేసి, పంచె దులిపి, సించి, నాలుగు మడతలేసి ముడ్డిగుడ్డలు సేసినా. కార్తీకమాసం, ఒకటే ముసురు. తడిపినవి ఉతికేస్తే రెండు దినాలైనా ఆరవు. ఒకటి తడిస్తే పెట్టిలోంచి ఇంకోటి తీసేది, సించేది. ఒళ్ళంతా నూనె రుద్ది, నీళ్ళు పోసి, ఒక నిండు పంచెలో మెడదాకా సుట్టి పండుకోబెట్టేది. పురిటిగదిలో సాంబ్రాణి పొగ. అయినా రూపశ్రీకి ఒకసారి ముక్కుకు తగిలింది.

"అదేం వాసనత్తా?" అనింది.

"మీ మామ వాసన" అన్నా. నవ్వింది ఆ పిల్ల. బిడ్డను ముక్కు కాడికి తీసుకోని వాసన సూసి, "మామ బాగుండాడు" అనింది.

కాన్పయిన మూడోరోజు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినామా, ఐదోరోజుకు బిడ్డ కండ్లు పచ్చబడినాయి. "ఆసుపత్రికి పోదామత్తా" అనింది రూపశ్రీ. పుట్టిన ప్రతి బిడ్డకూ కామెర్లు వస్తాయి, పొద్దుటెండ సూపిస్తే పోతాయి అన్నా. ఆ ముసురులో ఎండ యాడిది? మరుసటి దినం మల్లా అడిగింది. పచ్చిబాలింత, గాలికి తిరిగితే నీకే ముప్పు, ఊరుకో అన్నా. రెండుసార్లు అడిగింది అయ్యా. రెండుసార్లూ నేనే కూసోబెట్టినా.

ఏడోరోజు పాలు తాగలేదు. నీ తెల్లపంచె మీద ఉచ్చ టీ డికాషను మాదిరి నల్లగా పడింది. ఏడుపు ఏడుపు మాదిరిగా లేదు, సన్నగా కీసుమంటాది. మెడ ఎనక్కి ఇరుస్తా ఉండాడు. అప్పుడు మోహను ఎవుర్నీ అడగలేదు. కారు మాట్లాడి తిరపతికి తీసకపోయినాడు. పూతలపట్టు దాటేదాకా రూపశ్రీ బిడ్డ మొగంలోకే సూస్తా ఉండాది. తరవాత ఏమనుకుందో, కండ్లు మూసుకోని ఏదో మొక్కుకుంటా వచ్చింది.

ఒంట్లో రక్తమంతా తీసేసి వేరే రక్తం ఎక్కించినారయ్యా. రెండు సేతుల్లో పట్టేంత బిడ్డకు!

ఆపొద్దు మాపటేల డాక్టరమ్మ నన్నూ మోహనునూ పిలిసింది. రూపశ్రీ లోపల పాలు పిండి ఇస్తా ఉండాది. డాక్టరమ్మ నిదానంగానే సెప్పింది. "బాబు రక్తంలో ఒక పదార్థం తక్కువ. ఇది తల్లి నుంచి వస్తుంది. తల్లి తప్పేమీ లేదు. ఇది ఉన్నవాళ్ళు చాలామంది మామూలుగానే బతుకుతారు. ఏదైనా పడనిది తగిలితేనే రక్తం ఇట్లా విరిగిపోతుంది. కొన్ని మందులు పడవు. కలరా ఉండలు అసలు పడవు. బాబు బట్టల్లో కలరా ఉండలేమైనా పెట్టారా అమ్మా?"

మోహను నా పక్క సూసినాడు. వాడికేం తెలుసు? పురిటిగది గడప కూడా తొక్కలేదు వాడు.

"లేదమ్మా. మేము బట్టల్లో వేపాకు ఏస్తాం" అన్నా.

ఎట్ల వచ్చిందో ఆ మాట! రవ్వంత తడబడలేదు నేను. డాక్టరమ్మ రాసుకునింది. మొలలో తాళంచెవి గుచ్చుకుంటా ఉండాది.

మరుసటి దినం బట్టలు తెస్తానని ఇంటికొచ్చినా. సించిన గుడ్డలు, సించనివి, ఉతికినవి, ఉతకనివి, అన్నీ నీళ్ళపొయ్యిలో పెట్టినా. ఒక్క పంచె కాల్సలేకపోయినా. పటంలో నువ్వు కట్టింది అదే. మల్లా పెట్టిలో పెట్టి తాళమేసినా.

మోహనుకు ఆ డాక్టరమ్మ మాటల్లో ఒక్కటే సెవిలో పడింది. తల్లి నుంచి వచ్చిందని. తల్లి తప్పు లేదనింది ఎవురికీ గుర్తు లేదు. మీ అక్కమ్మ వచ్చి, పిల్లనిచ్చే ముందే వాళ్ళ నాయన సెప్పాల కదా ఈ రక్తం సంగతి అనింది. వీధంతా అనింది. నేను ఊ అన్లేదు, ఊహూ అన్లేదు. ఊరికే ఉంటే సాలు కదా, మిగిలింది వాళ్ళే సూసుకుంటారు.

ఈ పొద్దు బిడ్డ సెవులు పరీక్ష సేసేదానికి మల్లా తిరపతికి పోయినాం. తలకు తీగలంటించి కంప్యూటరులో సూసినారు. రెండు సెవులూ లేవంట. ఆ కామెర్లు మెదడుకెక్కి పోయినాయంట. మిషను పెట్టాలంట, ఏండ్ల తరబడి నేర్పించాలంట, అయినా ఎంత మాట్లాడతాడో సెప్పలేరంట. మెడ కూడా ఇంకా నిలవలేదు కదా, దానికీ వేరే డాక్టరుకు సూపించమన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సెప్పేద్దామనుకున్నా. నీ మీద ఒట్టు. మోహను ముందు సీట్లో ఉండాడు. వాడి భుజం తట్టినా. తిరిగినాడు. నోరు తెరిసినా. ఇంతలో కండక్టరు వచ్చి ఆధార్ కార్డు సూపించవ్వా అన్నాడు. సంచిలో ఎతికి సూపించినా. ఏందిమా అన్నాడు మోహను. ఏం లేదులే నాయనా, ఎండ కొడతా ఉండాది, కిటికీ మూయి అన్నా.

సెప్తే ఏమైతాదో తెలుసా? వాడు మల్లా నన్ను అమ్మా అంటాడా? బిడ్డను నా ఒళ్ళో ఏస్తారా? ఆ బిడ్డ నా వాసన పట్టి నా పక్క తిరుగుతాడయ్యా. సెవులు లేకపోయినా నేను వచ్చినట్టు తెలుస్తాది వాడికి. నాకు బయం. అంతే, బయం.

పూతలపట్టులో దిగినాం. రోడ్డు మీదే, అంతమంది సూస్తా ఉండంగా, ఆ పిల్లను అన్నాడు మోహను. రేపే పొమ్మన్నాడు. ఆ పిల్ల బిడ్డ తల మీద కొంగు కప్పింది.

ఇంటికొచ్చి వంటింట్లో నీళ్ళు తాగతా ఉండా. ఎనకాల వచ్చి నిలబడింది. "అత్తా, నీకొక మాట సెప్పాల. ఆయనకు సెప్పొద్దు" అనింది.

ఏమో అనుకున్నా. తెలిసిపోయిందేమో అనుకున్నా. నిజం సెప్తా, ఒక పక్క పానం తేలికైనట్టు కూడా అయ్యింది.

"కాన్పయినాక ఇంటికి తీసుకొచ్చినాం కదత్తా బిడ్డను, ఆ రోజు కారులో తడుపుతాడని నీకు తెలీకుండా ఒక డైపరు కట్టినాను. ప్యాకెట్లోంచి రెండు దాచి పెట్టుకున్నా. ఇంటికొస్తానే తీసి పారేసినా. ఒక గంటే అత్తా. దాంట్లో మందులుంటాయని నువ్వు ముందే సెప్పినావు. నేను ఇనలేదు. దానివల్లే అయ్యింది. నా రక్తం కాదత్తా, నా సేతులు సేసినాయి."

ఐదు నెలలు ఆ మాట కడుపులో పెట్టుకోని తిరిగిందయ్యా ఆ పిల్ల. అందుకే, తిరపతి ఆసుపత్రి నుంచి వచ్చిన దినమే అటక ఎక్కి ఆ ప్యాకెట్టు తీసి పారేసింది. అందుకే దినానికి ఇరవై గుడ్డలు తనే ఉతుకుతాది, నన్ను ముట్టనీదు. మంచిపిల్ల, మాట వింటాది అని నేను మురిసిపోయినా.

ఇంట్లో ఎవురూ లేరు. మేమిద్దరమే. సెప్పేదానికి అంతకన్నా మంచి సమయం యాడ దొరుకుతాది నాకు? ఆ పిల్ల తలెత్తి నా మొగమే సూస్తా ఉండాది. ఒక్క మాట సాలు. ఆ పిల్ల బతికిపోతాది.

తల మీద సేయి పెట్టినా. "పోనీలేమ్మా, తెలీక సేసినావు. మోహనుతో సెప్పన్లే" అన్నా.

క్షమించినానయ్యా దాన్ని. నేను!

నా కాళ్ళు పట్టుకోని ఏడ్సింది. లేపినా, కండ్లు తుడిసినా. నానబెట్టిన గుడ్డలు అట్లే ఉండాయి, పోయి ఉతుక్కో, రేపు ఊరికి తీసకపోవాల కదా అని పంపించినా.

అదుగో, ఉతుకుతానే ఉండాది. ఇంక నువ్వు నవ్వుకో.