రెండు వేళ్లు ఎత్తితే

ఆ తాడు కింద పెట్టు వినోదా. ముందుగాల పెట్టు, తర్వాత నన్ను ఏమన్నా అను. జరీని ఊరవతల కామ్‌రేజ్ రోడ్డు మీద ఇడిచి రమ్మని టెంపో నడిపే రాజనర్సుకు చెప్పినవట? టెంపో గల్లీలకొచ్చి నిలవడ్డది. ఏం పాపం చేసింది గది?

విన్న బిడ్డా, పొద్దటి సంది వింటనే ఉన్న. "నా మొగడు సచ్చేటప్పుడు అరవని కుక్క నాకెందుకు" అంటున్నవ్. చంటిదాన్ని ఒళ్లె ఏసుకొని నువ్వట్ల ఏడుస్తుంటే నా గుండె తరుక్కపోతున్నది. గని నోరు లేని జీవం మీద నింద వెయ్యకు. చీర అంచు లెక్క పచ్చగ మెరుస్తదని జరీ అని పేరు పెట్టింది నువ్వే గద!

నువ్వు కాన్పుకు ఊరికి పోయినంక పది దినాలకే నర్సింగానికి జెరం పట్టింది. ఎవల్నీ ఖోలిల అడుగు పెట్టనియ్యలే. "సారక్కా, నీకు అంటుకుంటది, రాకు" అన్నడు. మరి ఏమన్నా కావాలంటే ఎట్ల? కేకేద్దామంటే ఆయనకు దమ్ము లేదు. ఫోన్ మోగితే నాకు వినవడది. ఇరవై ఏండ్లు మిషిన్ల మోతల ఉంటిని, చెవులు సగం పోయె. దగ్గర నిలవడి అరిస్తేనే వినవడతది.

అప్పుడు ఆయనకే తోచింది. కార్ఖానల బట్ట నేసే సాంచాలు నడుస్తుంటే నోటి మాట ఎవలింటరు? పోగు తెగితే చెయ్యెత్తి రెండు వేళ్లు ఆడిస్తరు, పక్కోడు ఉరికొస్తడు. గదే సైగ జరీకి నేర్పిండు. కిటికీల ఆయన వేళ్లు ఎత్తుడు, నా గడప కాడ నేను రొట్టె తుంక పట్టుకొని పిలుసుడు. వచ్చి అరిచిందా, అదే నిమిషం నోట్లె పెట్టాలె. ఆలస్యమైతే ఎందుకిచ్చినమో దానికి తెల్వదన్నడు.

నాలుగు దినాలల్ల నేర్సుకున్నది! వేళ్లు లేస్తే సాలు, ఉరికొచ్చేది. నేను తుంకిచ్చి పోయేది, కిటికీల కెల్లి నీళ్లో, మందు గోలో అందించేది.

ఇగ రొట్టె రుచి మరిగింది. సైగ లేకున్నా రావట్టింది, రోజుకు పదిసార్లు. పోయి చూస్తే ఆయన పండుకొని ఉండేటోడు. "అక్కా, నేను చెయ్యెత్తకుంటే ఇయ్యకు, చెడిపోతది" అన్నడు. నా గడప కాడికెల్లి ఆయన చెయ్యి నాకు యాడ కనవడతది? లేసి పోయి చూసి రావాలె గద.

పోలే. బద్ధకం కాదు బిడ్డా, భయం. పక్క గల్లీల ఒక్క దినమే ముగ్గురు పోయిండ్రు. ఆ కిటికీ దిక్కు పోవుడే మానేసిన. తుంక ఇసిరేసేది, తలుపు మూసేది. దాన్ని చెడగొట్టింది నేనే.

ఆ దినం పగటీలి వచ్చింది. అరిచింది. తుంక ఇసిరి తలుపేసిన. మళ్ల అరిచింది. తలుపు గీకింది. ఆశపోతుదానా అని తిట్టిన.

ఏంది గట్ల చూస్తున్నవ్? అవును, అరిచింది. అరవలేదని గల్లీ అంతటికి చెప్పింది నేనే. నీకు ఫోన్ల చెప్పింది గూడ నేనే.

జర ఆగు, అయిపోలే. కొట్టేదుంటే అంతా విన్నంక కొట్టు.

తలుపు సందుల కెల్లి చూసిన. తుంక ఇసిరిన కాన్నే ఉన్నది. జరీ దాన్ని ముట్టలే. రొట్టె ఇడిసి అరుస్తున్నదంటే లోపల ఏమో అయ్యిందని నాకు అప్పుడే సమజైంది. అయినా గొళ్లెం తియ్యలే. అరుపు ఆగేదాక తలుపుకు ఈపు ఆనించి నిలవడ్డ. పొద్దుమీకి కార్ఖాన కెల్లి వచ్చినోళ్లు చూసేవరకు అంతా అయిపోయింది. అప్పుడే తలుపు తీస్తే బతుకునేమో. బతకకపోవునేమో. నాకేం ఎరుక?

రాజనర్సును టెంపో తిప్పుకొమ్మను. ఆ తాడు ఇటియ్యి.

జరీని నువ్వే ఇంట్లకు పిలువు బిడ్డా. ఆ దినం సంది నేను పిలిస్తే రాదది. రొట్టె సూపెట్టినా రాదు.