గ్రౌండు పక్కన ఎర్ర కుర్చీ

ఆ కుర్చీ దిక్కు అట్ల చూస్తవేంది వెంకటేశం? నీదే. గ్రౌండుల ఉండాల్సింది నీ మంచం పక్కకు ఎట్లొచ్చిందనే కదా నీ అనుమానం? కాలు జర చిట్లింది. బాగు చేయిద్దామని స్కూటర్ మీద కట్టుకొని తెచ్చిన. తార్నాక సిగ్నల్ కాడ అందరూ నన్నే చూసిన్రు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని వెనక సీటు మీద పెండ్లాం లెక్క కూచోబెట్టుకొని పోతుండు ఈ ముసలోడు, అనుకున్నరు కావచ్చు.

నవ్వవా? సరే తియ్యి. నేనైతే కూర్చుంటున్న. చిట్లినా నన్ను మోస్తది.

ముందు మన పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ సంగతి విను. మళ్ళ ఓడినం.

అవును, మళ్ళనే. ఇది ఆఖరి మ్యాచ్, ఇదన్న గెలిచి లీగ్ ముగిస్తరనుకున్న. మూడు గోల్స్ పడ్డయి, మూడూ ఒక్కతీరుగనే. వాళ్ళ ఫార్వర్డ్ పిల్ల మన వెనక ఆడే నలుగురి నడుమకెల్లి ఉరికింది. మన ప్రవళిక ఒక్కతే ముందుకు అడుగేసింది, మిగిలిన ముగ్గురు ఉన్నకాడనే గుంజలోలె నిలబడ్డరు. ఇంకేముంటది? లైన్స్‌మన్ జెండా లేవలే. మనీషా గోల్‌లకెల్లి బయటకొచ్చేసరికే బంతి ఆమె పక్క నుంచి పోయింది.

నువ్వుంటే ఒక్క మాటతోని అయిపోతుండె. "గేట్." గంతే కదా?

నాకు యాదికున్నది, ఆ మాట నువ్వు మొదటిసారి అన్న రోజు. ఆఫ్‌సైడ్ అంటే ఏందో పిల్లలకు ఎట్ల చెప్పాలెనా అని గ్రౌండు పక్క హాస్టల్ వెనక గోడ మీద నేను చాక్‌పీసుతోని గీతలు గీస్తున్న. బాణాలు, సున్నాలు, చుక్కలు. అటు నడకకొచ్చినాయన ఒకరు ఆగి, ఏం సార్, ఇంటి ప్లానా అని అడిగిండు కూడా. నువ్వు ఈ కుర్చీల కూసొనే అన్నవు: "రైల్వే గేటు పడేటప్పుడు చూసిన్రా పిల్లలూ? అడ్డకట్టె అంతా ఒక్కసారే దిగుతది, ముక్కలు ముక్కలుగ దిగదు. మీ నలుగురు కలిసి ఆ కట్టె. నేను గేట్ అన్ననంటే నలుగురూ ఒక్కసారే ముందుకు రావాలె. మీ వెనక చిక్కిన అవతలి టీం పిల్ల ఆఫ్‌సైడే, దాని సంగతి రెఫరీ చూస్కుంటడు."

రైల్ నిలయంల ముప్పై ఏండ్లు ఫైళ్ళు నడిపినోనికి ఇంకో పోలిక ఎక్కడ దొరుకుతది?

ఆ రోజుకెల్లి ఎంత మంచిగుండె చెప్పు. ఫార్వర్డ్ పిల్లలు నాకు, వెనక పిల్లలు నీకు. కాలేజీల కూడా అంతే కదా మనం. నేను ముందాట ఉరికేటోణ్ణి, నువ్వు వెనక స్టాపర్‌వి. నేను గోల్ కొట్టి తిరిగి చూస్తే, నువ్వు మాత్రం మన గోల్ కాడ నడుముల మీద చేతులు పెట్టుకొని, గంత సంబురమెందుకురా, ఇంకా పావుగంట ఉన్నది అన్నట్టు చూసేటోనివి. నీ మొహం చూస్తే గోల్ కొట్టినోనికి కూడా తప్పు చేసినట్టు అనిపించేది. అప్పుడు బూట్లు కూడా లేవు మనకు. ఆట అయినంక ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసొని కాళ్ళల్ల ముండ్లు తీసుకునేటోళ్ళం. మా అవ్వ నా కాళ్ళు చూసి, చదువుకోవడానికి పంపితే పొలం దున్నొస్తున్నవా బిడ్డా అనేది. ఆమె పోయి కూడా ఇరవై ఏండ్లు దాటింది.

ఏం చెప్తున్న నేను? ఆ, ప్రవళిక.

ఆ పిల్లను నా దగ్గర్నుంచి గుంజుకున్నది నువ్వే. అడిక్‌మెట్ నుంచి అక్క సైకిల్ మీద వచ్చిన మొదటి రోజు ఎట్ల ఉరికిందో యాదికున్నదా? ఇగ ఇది నా పిల్ల, సెంటర్ ఫార్వర్డ్ అన్న నేను. నువ్వు కాసేపు చూసి, కాదు పరశురాం, వెనక ఆడియ్యి అన్నవు. పిల్ల ఏడ్చింది. వాళ్ళమ్మ హాస్టల్ మెస్సుల రొట్టెలు చేస్తది, ఆమె పిండి చేతులతోనే గ్రౌండుకొచ్చి, నా బిడ్డను వెనక్కి ఎందుకు నూకిన్రు సార్ అని అడిగింది. నువ్వు ఏమన్నవు? "అమ్మా, ఉరికేటోళ్ళు దొరుకుతరు. మీ బిడ్డకు బంతి ఎటు పోతదో బంతి కంటే ముందు ఎరుక అయితది." ఆమెకు ఏం అర్థమైందో తెల్వదు గని, కొంగుతోని పిల్ల మొహం తుడిచి పోయింది.

మరి అంత ఎరుక ఉన్న పిల్ల కూడా నీ గొంతు లేకపోతే ఇట్ల ఆగమైతుంది. అందుకే చెప్తున్న, లేవాలె నువ్వు. మందులతోని కాదు, మొండితనంతోని లేవాలె. కుడిదిక్కు పడిపోతేంది, ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది, అది కూడా ఎత్తవు. మాట మళ్ళ వస్తది, రోజూ నోరు మెదపాలె అన్నడు డాక్టరు. స్వరూప అద్దం తెచ్చి ముందర పెడితే కండ్లు మూసుకుంటవట కదా? కోడలు పిల్ల, నీతోని గట్టిగ అనలేక వంటింట్ల నా ముందర ఏడుస్తుంది. మామయ్యకు కొట్లాడాలనే లేదు మామా, అంటది.

నువ్వు, కొట్లాడాలని లేనోనివి. నవ్వాల్నా ఏడ్వాల్నా?

ఆ చప్పుడా? కింద ఎవరో పిల్లలు. పక్కింటోళ్ళ పిల్లలేమో, ఎండాకాలం సెలవులు కదా.

ఏంది, అట్ల చూస్తవు?

అవును. మనీషా గొంతే అది. నీ చెవులకేం కాలే, నాకు తెలుసు. గోల్‌లకెల్లి అరిచి అరిచి ఆ పిల్ల గొంతు రేకు డబ్బా లెక్క అయింది, ఎవరైనా గుర్తు పడతరు. అందరూ వచ్చిన్రు. జర ఆగమని చెప్పి, స్వరూపను వాళ్ళకు నిమ్మకాయ షర్బత్ కలిపియ్యమన్న. వాళ్ళు పైకి ఎక్కకముందే నీతోని ఒక మాట చెప్పాలె. పొద్దుగాలకెల్లి అనుకుంటున్న. కుర్చీ కట్టుకుంటూ అనుకున్న, సిగ్నల్ కాడ అనుకున్న. తీరా నీ మొహం చూసి, మళ్ళ ఓడినం అని మొదలువెట్టిన.

ఓడలే వెంకటేశం. గెలిచినం.

ఇయ్యాల ఒక్కటే కాదు. నువ్వు పడ్డంక ఓడింది ఆ మొదటి మ్యాచ్ ఒక్కటే. తర్వాతవన్నీ గెలిచిన్రు, ఒకటి డ్రా. ఇయ్యాల ఆఖరిది కూడా గెలిచి కప్పు తెచ్చిన్రు. కింద వాళ్ళ చేతుల ఉన్నది అదే. వాళ్ళ నోటితోని వినేకంటే నా నోటితోని వినడం మంచిది కదా?

ఎందుకట్ల చెప్పిననంటవా?

దవఖాన నుంచి వచ్చిన కొత్తల నువ్వు కట్టె లెక్క పడి ఉంటివి. ఫిజియోథెరపీ అమ్మాయి ఆ కుడిచెయ్యి పట్టుకొని వేలు వేలు వంచేది, చాపేది, నువ్వు సీలింగ్ చూసేటోనివి. అప్పుడు ఆ మొదటి మ్యాచ్ అయింది. అది నిజంగనే ఓడినం. వచ్చి నీకు చెప్పిన. గ్రౌండు పక్కన నీ కుర్చీ అట్లనే వేసి ఉంచిన కదా, బంతి వచ్చినప్పుడల్లా నలుగురు పిల్లలూ ఆట వదిలి ఆ ఖాళీ కుర్చీ దిక్కు చూసిన్రు అని చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట చూస్తే, నీ కుడిచేతి వేళ్ళు దుప్పటిని పట్టుకున్నయి. దుప్పటి ముడుత పడ్డది. నా కండ్లతోని చూసిన నేను. కోపం వచ్చింది నీకు. ఆ పిల్లలను అట్ల వదిలేసినందుకు నా మీదనో, నీ మీదనో, దేవుని మీదనో.

మరి తర్వాత వారం గెలిచినమని ఎట్ల చెప్పాలె? ఓడినం అన్న. వేళ్ళు మళ్ళ ముడుచుకున్నయి, ఇంకా గట్టిగ. ఫిజియో అమ్మాయి మురిసిపోయింది, ఏదో కదలిక వస్తుంది అంకుల్ అన్నది. ఇగ నేను ఆగలే. ఆదివారం ఆదివారం ఒక్కో మ్యాచ్ తయారు చేసుకొని వస్తున్న. దారి పొడుగునా గోల్స్ అల్లుకుంట వస్తున్న. ఇంటర్ పిల్లలకు అన్నేండ్లు హిస్టరీ చెప్పినోణ్ణి, లేని యుద్ధాలు కూడా కల్పిస్తనని ఎన్నడూ అనుకోలే. స్వరూపకు తెలిస్తే నన్ను గడప తొక్కనియ్యదు. మామయ్యకు మంచి మాటలే చెప్పున్రి అని చెప్పింది పాపం.

ఇగ కుర్చీ ముచ్చట. కాలు చిట్లలేదు. చూడు, మంచిగనే ఉన్నది.

ఓడిన మ్యాచ్ తెల్లారి ప్రాక్టీసుకు పోతే ప్రవళిక నా కాడికి వచ్చింది. బూట్ల లేసులు కట్టుకున్నట్టు వంగి, తల ఎత్తకుండ అన్నది: "చిన్న సార్, ఆ కుర్చీ తీసెయ్యున్రి. అది ఉంటే అటే చూస్తున్నం."

నేను నీ కంటే రెండేండ్లు పెద్దోణ్ణి, అయినా నన్ను చిన్న సార్ అనే అంటరు వాళ్ళు. పోనీ.

కోపమొచ్చింది నాకు. పెద్ద సార్ కుర్చీ తీసెయ్యమంటవా అని గట్టిగనే అన్న. ఆ పిల్ల కండ్లల్ల నీళ్ళు తిరిగినయి గని మాట మార్చలే. "పెద్ద సార్ వస్తే మళ్ళ వేద్దాం సార్" అన్నది. నేను తీసిన. తీసి స్కోర్‌బోర్డు షెడ్డు వెనక పెట్టిన. అప్పటికెల్లి అక్కడనే ఉండె. ఇయ్యాల లీగ్ అయిపోయింది, అక్కడుంటే ఎవరన్న ఎత్తుకపోతరని తెచ్చిన.

ఇప్పుడు ఎట్ల ఆడుతున్నరో చెప్పాల్నా? గేట్ అని ఎవరూ అంటలేరు. నేను అనుకున్న, ప్రవళిక నీ లెక్క అరుస్తదేమో, నీ మాట అన్న మిగుల్తదేమోనని. లేదు. బంతి అవతల ఉండంగనే నలుగురూ తల తిప్పి ఒకరినొకరు చూసుకుంటరు. చెయ్యి జర చాపి పక్కదాని దూరం కొలుచుకున్నట్టు చేస్తరు. ప్రవళిక గడ్డం ఎత్తుతది, అంతే, నలుగురూ కదులుతరు. కట్టె అంతా ఒక్కసారే. నువ్వు చెప్పినట్టే, కాకుంటే చప్పుడు లేకుండ.

మనం వాళ్ళకు వినుడు నేర్పినం వెంకటేశం. చూసుడు వాళ్ళే నేర్చుకున్నరు.

నా ఫార్వర్డ్ పిల్లలు కూడా అంతే. ఇటు పోవే, అటు పోవే అని నేను గీతెంట ఉరుక్కుంట అరుస్తుంటే, హాఫ్‌టైంల ఒకతి నీళ్ళ సీసా తెచ్చి నా చేతుల పెట్టింది. తాగున్రి సార్, గొంతు పోతది అన్నది. ప్రేమతోనే అన్నది. నేను తాగిన. తాగి ఊకున్న. ఆ తర్వాతనే రెండు గోల్స్ కొట్టిన్రు.

ఇదే నిజం. ఇప్పుడు నీ చెయ్యి దిక్కే చూస్తున్న నేను.

దుప్పటి మీద అట్లనే ఉన్నది. వేళ్ళు అట్లనే తెరుచుకొని ఉన్నయి.

అబద్ధం చెప్తే ముడుచుకునే చెయ్యి, నిజం చెప్తే ఊకనే పడి ఉన్నది. నేను ఎందుకు చెప్పలేదో ఇప్పుడన్న సమజైందా?

మొహం గోడ దిక్కు తిప్పకు. నా మీదన్న కోపం తెచ్చుకో. ఇన్ని వారాలు నీ మంచం పక్కన కూసొని నిన్ను మోసం చేసిన, తిట్టాలని లేదా? నీ కుర్చీ నేనే తీసిన, నా చేతులతోని. ఒక్కసారి ముడువు ఆ వేళ్ళు. కాలేజీల బంతి పోగొట్టుకున్నప్పుడు నా చొక్కా పట్టుకొని గుంజేటోనివి చూడు, అట్ల. ఇగో, నా చొక్కా ఇక్కడనే ఉన్నది, నీ చేతి కిందనే.

లేదా?

సరే.

ఎక్కుతున్నరు మెట్లు. తలుపు కాడ చెప్పులు విడుస్తున్నరు. ప్రవళికనే ముందు ఉంటది, కప్పు నీ చేతులనే పెడుతదట. కింద నుంచి నేను పట్టుకుంటలే, వాళ్ళకు తెల్వకుండ. నువ్వే పట్టుకున్నట్టు కనవడుతది. ఇటు తిరుగు జర. ఆ కండ్లు తుడవనియ్యి.

వచ్చే ఆదివారం కూడా వస్తా. ఏం చెప్పాలెనో మాత్రం నన్నడగకు. ఏముంటది ఇగ? కూసోనీకి కుర్చీ అయితే ఉన్నది.